కోసిన స్ప్రింగులు

గుంటూరు,
ఫిబ్రవరి 9, 1964.

చెల్లెమ్మ సైదాబీకి,

బాపయ్య అన్న దీవించి రాసేది. నువ్వూ పాపా కులాసాగా ఉన్నారని తలుస్తాను. మూడేళ్ళలో ఒక్క కార్డుముక్క రాయనివాడు ఇవాళ ఇంత ఉత్తరం రాశాడేమిటా అనుకుంటావు. ఇమాం హుస్సేన్ పోయిన దగ్గరనుంచి నీకు చెప్పాల్సిన మాట ఒకటి నా గొంతులో ఉండిపోయింది. ఇక దాన్ని మోయడం నావల్ల కావడం లేదు.

మీ ఆయన తాగి బండి నడపలేదు. ఆ సంగతి నీకు తెలుసు. నాకూ తెలుసు. తెలిసీ తాగాడని చెప్పింది నేనే.

మొదటినుంచీ చెబుతాను. మీ ఆయన కారు నడిపిన పేరయ్యగారి పెద్దబ్బాయి పెళ్ళికి ముందు ఆయన మద్రాసు వెళ్ళివచ్చారు. అక్కడ ఎవరిదో కారు చూశారట, నేలకి అంటుకుని పాములా పోతుందట. తిరిగొచ్చీ రాగానే నా రిపేరు షెడ్డుకి వచ్చి, "ఏవయ్యా బాపయ్యా, మన బండి ఎద్దుబండిలాగా ఇంత ఎత్తున ఉందేవిటి? జానెడు కిందికి దించు. ఊరేగింపులో చూసినవాళ్ళు నోరు తెరవాలి" అన్నారు. నేను వద్దన్నాను చెల్లెమ్మా, ఆ మాట మాత్రం నిజం. బండిని దించితే చక్రాలు ఉన్నచోట ఉండవండీ, పైభాగం లోపలికి వాలుతుంది, ముందువైపు బాతుపాదాల్లా విచ్చుకుంటాయి, టైర్లు లోపలి అంచున అరిగిపోతాయి, స్టీరింగు చేతిలో నిలవదు అని చెప్పాను. ఆయన నవ్వి, "ఈ షెడ్డు స్థలం ఎవరిదయ్యా?" అన్నారు. అంతే. 

ముందు స్ప్రింగుల్ని గ్యాసుతో ఒకటిన్నర చుట్టు కోసేశాను. వెనక కమాను బద్దలు రెండేసి తీసేశాను. బండి కిందికి దిగింది. చూడటానికి నిజంగానే బాగుంది. తరవాత ముందు టైర్లు రెండింటిమీద సుద్దముక్కతో గుర్తులు పెట్టి వాటి మధ్య దూరం వెదురుబద్దతో కొలిచాను. ఆ టైర్ల ముందు అంచుల మధ్య కొలత వెనక అంచుల మధ్య కన్నా ఒక పిసరు తక్కువ ఉండాలి. ఉల్టాగా ముప్పావు అంగుళం ఎక్కువ వచ్చింది. స్టీరింగు రాడ్డు మర తిరిగినంతమేరా తిప్పాను. సగమే సర్దుకుంది. మద్రాసు పంపించి మిషను మీద సరిచేయించాలండీ అన్నాను. "పెళ్ళయ్యాక చూద్దాంలే" అన్నారు. పెళ్ళయింది. నెల గడిచింది. ఎవరూ ఏమీ చూడలేదు.

ఇమాం హుస్సేన్ నా దగ్గరికి మూడుసార్లు వచ్చాడు. "బాపయ్యన్నా, బండి ఎడమకి గుంజుతోంది. రెండు చేతులతో పట్టుకుంటే తప్ప రోడ్డు మీద ఉండటం లేదు. నువ్వే ఆయనకి చెప్పన్నా, నా మాట వినడు" అన్నాడు. చెబుతానన్నాను. చెప్పలేదు. మూడోసారి వచ్చిన రోజు టీ తాగుతూ, మీ పాప గోడమీద బొగ్గుతో కారు బొమ్మ వేసిందని చెప్పి నవ్వాడు. మర్నాడు మధ్యాహ్నం పేరయ్యగారిని మిరపతోటల దగ్గరికి తీసుకువెళుతుంటే మీ ఊరికి మైలు దూరంలో ముందు ఎడమ టైరు పేలింది. బండి కోతకి వెళుతున్న మీ ఊరి కూలిమనిషి సామ్రాజ్యాన్ని కొట్టి, తూముగోడకి గుద్దుకుంది. ఆమె అక్కడికక్కడే పోయింది. మీ ఆయన మూడోరోజు ఆస్పత్రిలో పోయాడు. వెనక కూర్చున్న పేరయ్యగారికి మోచెయ్యి గీరుకుంది.

బండిని లాక్కొచ్చి నా షెడ్డులోనే పడేశారు. బ్రేకు ఇన్‌స్పెక్టరు వచ్చేలోగా కోసిన స్ప్రింగులు తీసేసి, వేరే బండివి, కోయనివి పెట్టమన్నారు పేరయ్యగారు. నా చేతులతోనే పెట్టాను. కోసినవి నూతిలో పడేశాను. ఇన్‌స్పెక్టరు అడిగితే, బండి బాగానే ఉందండీ, పొద్దున డ్రైవరు వచ్చినప్పుడు నోట సారా వాసన వచ్చింది అని చెప్పి సంతకం పెట్టాను. ఆ ఒక్క మాటతో కేసు ముగిసిపోయింది. మీ వాళ్ళు జనాజా దగ్గరికి రావడానికి కూడా వెనకాడారని, సామ్రాజ్యం మొగుడు పానకాలు మీ ఇంటిమీద రాళ్ళు వేశాడని తరవాత విన్నాను. విని ఊరుకున్నాను.

ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, మొన్న మంగళవారం ఒకటి జరిగింది. పేరయ్యగారు ఈమధ్య రెండోవాడికి కారు కొన్నారు. రెండు నెలల కిందట దాన్నీ దించమన్నారు. దించాను. వద్దని ఈసారి అనలేదు కూడా. మంగళవారం కొత్త డ్రైవరు వచ్చి, "మేస్త్రీ, బండి ఎడమకి లాగుతోంది" అన్నాడు. వంగి చూశాను. టైరు లోపలి అంచున రబ్బరు లేదు, కింది గుడ్డపొర కనబడుతోంది. "ఏం లేదు, గాలి కొట్టించుకో" అని పంపించేశాను. ఆ రోజునుంచి నాకు అన్నం సయించడం లేదు.

నా రెక్కలు ఆడినంతకాలం నాకీ షెడ్డు తప్ప దిక్కులేదు చెల్లెమ్మా. నువ్వు మంచిదానివి. పండగ పండక్కీ గిన్నెడు సేమ్యా పంపినదానివి. క్షమించానని ఒక్క ముక్క రాయి, నా మనసు కుదుటపడుతుంది. ఇది చదివి చింపెయ్యి. ఎవరి కంటా పడనివ్వకు.

నీ మేలు కోరే
బాపయ్య


పర్చూరు,
ఫిబ్రవరి 17, 1964.

బాపయ్యకు,

ఇది మిషను బడి ప్రేమమ్మ టీచరుగారు రాస్తున్నారు. మాటలు నావి. పైన అన్నా అని రాయమంటావా అని ఆమె అడిగారు. వద్దన్నాను.

చదివి చింపెయ్యమన్నావు. నాకు చదువు రాదు. గుంటూరులో ఉండగా మా అమ్మ రాయించిన కార్డులన్నీ చదివిపెట్టింది నువ్వే. మూడేళ్ళలో అది మరిచిపోయావు. నీ ఉత్తరం తీసుకుని నేను బడికి వెళ్ళాను. మధ్యాహ్నం బెల్లు కొట్టారు, పిల్లల కోసం వచ్చిన అమ్మలు నలుగురైదుగురు అరుగుమీద ఉన్నారు. బడిగోడకి పానకాలు సున్నం వేస్తున్నాడు. టీచరుగారు రెండు ముక్కలు చదివి, గొంతు తగ్గించి, "సైదాబీ, లోపలికి రా, ఇది నీకొక్కదానికే చదువుతాను" అన్నారు. "ఇక్కడే చదవండమ్మా, గట్టిగా చదవండి" అన్నాను. తాగుబోతు పెళ్ళామని నన్ను గట్టిగానే అన్నారు కదా.

ఆమె మొత్తం చదివారు. పానకాలు కుంచె కిందపెట్టి దగ్గరికి వచ్చాడు. మూడేళ్ళుగా నేను ఎదురైతే ఉమ్మేసి పక్కకి తప్పుకున్న మనిషి. సారా వాసన దగ్గర ఆపి, "ఆ మాట మళ్ళీ చదవండి" అన్నాడు. మళ్ళీ చదివారు. సున్నం చేతులతోనే మొహం కప్పుకుని నేలమీద కూలబడ్డాడు. లేచి, నా వంక చూడకుండా, "గుంటూరు బస్సు ఎన్నింటికి?" అని అడిగాడు.

సాయంత్రానికి మావాళ్ళ పెద్దలు ఇంటికి వచ్చారు. తెలియక చేశామమ్మా అన్నారు. జనాజాకి పట్టుమని పదిమంది రాలేదు, ఆయన్ని మోయడానికి భుజాలు చాలక మా తమ్ముడు ఒక్కడే ఒక పక్కంతా పట్టాడు. అది గుర్తొచ్చింది. మంచినీళ్ళు కూడా ఇవ్వకుండా తలుపేసుకున్నాను.

నిన్ను ఒకటి అడగాలి బాపయ్యా. టైరులో గుడ్డ కనబడిందని రాశావు. ఆ డ్రైవరు నీ ఎదురుగా నిలబడి ఉన్నాడు. అతనికి చెప్పడానికి ఒక్క మాట చాలు. అది చెప్పకుండా ఇంటికిపోయి, కూర్చుని, నాలుగు కాగితాలు నాకు రాశావు. నేను క్షమిస్తే నీకు అన్నం సయిస్తుంది. అతని సంగతేమిటి? అతని పేరు కూడా రాయలేదు నువ్వు. అతని పేరు బుల్లయ్య. పెళ్ళయి ఏడాది కాలేదు.

పేరెలా తెలిసిందో నీకు చెప్పక్కర్లేదు. మొన్న శుక్రవారం మేం వచ్చినప్పుడు నువ్వు చూశావు. అయినా రాయిస్తున్నాను, ఇది కాగితం మీద ఉండాలి.

మొదటి బస్సుకి నేనూ పానకాలూ గుంటూరులో దిగాం. పేరయ్యగారి మిర్చి గోడౌను ముందు కారు ఉంది. డ్రైవరు అద్దాలు తుడుస్తున్నాడు. "బాబూ, ముందు టైరు లోపలిపక్క చెయ్యి పెట్టి చూడు" అన్నాను. పిచ్చిదాన్ని అనుకున్నాడు. పానకాలు అతని చెయ్యి పట్టుకుని టైరు వెనక్కి పెట్టించాడు. చెయ్యి బయటికి తీసేసరికి, అరిగిన గుడ్డలో దిగిన గాజుపెంకు వేళ్ళకి గుచ్చుకుని నెత్తురు వచ్చింది. ఇంతలో పేరయ్యగారు బయటికి వచ్చారు. నన్ను గుర్తుపట్టి, అందరూ వినేట్టు, "తాగుబోతు పెళ్ళానివి, బళ్ళ గురించి నీకేం తెలుసే?" అన్నారు.

నేను నోరు తెరవబోయాను. పానకాలే ముందు అన్నాడు, "ఆయన తాగలేదండీ. చచ్చింది నా పెళ్ళాం. నేను చెబుతున్నా, ఆయన తాగలేదు."

జనం పోగయ్యారు. పేరయ్యగారు రోడ్డుకి అవతల నీ షెడ్డు వైపు తిరిగి కేకేశారు. నువ్వు గుమ్మంలోనే ఉన్నావు, చేతిలో పానా ఉంది. "ఏవయ్యా బాపయ్యా, బండి బాగుందా లేదా? నువ్వే చెప్పు!" అన్నారు.

నువ్వు నన్ను చూశావు. పానకాలుని చూశావు. ఆ పిల్లాడి చేతినుంచి కారుతున్న నెత్తురు చూశావు.

"బాగానే ఉందండీ" అన్నావు.

ఆ ఉత్తరం రాసి వారం కాలేదు.

బుల్లయ్య తన చేతిని చూసుకున్నాడు, నిన్ను చూశాడు, తాళంచెవి తీసి బానెట్టు మీద పెట్టాడు. పేరయ్యగారు తిడుతూనే ఉన్నారు, అతను మా వెంటే బస్టాండు దాకా నడిచి వచ్చాడు. దారిలో తన పేరూ పెళ్ళి సంగతీ చెప్పాడు. బస్సు కదిలేటప్పుడు, "మీ ఆయన పేరేంటమ్మా?" అని అడిగాడు. చెప్పాను.

నీకు క్షమాపణ కావాలన్నావు. అది నా దగ్గర లేదు. ఉంటే నీకు ఇచ్చేదాన్నేమో. ఆ షెడ్డు గుమ్మంలో నువ్వు అన్న మాటతో అది కూడా పోయింది.

నీ ఉత్తరం చింపలేదు. బాపట్లలో ఒక ప్లీడరుగారి దగ్గర ఉంది. ముందు బల్లమీద పెట్టి తిప్పి తిప్పి చూశారు. పాత కేసు తిరగదోడడం తేలిక కాదు, కానీ ఇంత రాసి సంతకం పెట్టినవాణ్ణి నేనెక్కడా చూడలేదమ్మా అన్నారు. ఈ రాత నీదేనా అని కోర్టులో నిన్ను అడుగుతారట. నీ ఎదురుగా పేరయ్యగారు ఉంటారు. ఇటుపక్క నేనూ, పానకాలూ, వేళ్ళమీద మచ్చలతో బుల్లయ్యా ఉంటాం.

అప్పుడు నువ్వు ఏమంటావో వినడానికి మా పాపని కూడా తీసుకువస్తాను.

ఇమాం హుస్సేన్ భార్య
సైదాబీ వేలిముద్ర