పెద్దాయన చెప్పిన చివరి పేరు

తబూక్, సౌదీ అరేబియా, ఫిబ్రవరి 1991, గురువారం రాత్రి

కాకసస్ కొండల నుంచి వలస వచ్చిన సిర్కాసియన్లలో గతించిన ప్రముఖులెవరో చెప్పమంటే, ఆ జాతి పెద్దాయన ఈ ఉదయం ఈజిప్టు సుల్తానుల నుంచి జోర్డాన్ సేనానుల దాకా చెప్పాడు. ఆయన డ్రైవర్ రాజన్న తెలుగులో చెబుతుంటే మా పత్రిక కోసం రాసుకున్నాను. చివరికి "డాక్టర్ మురాద్" అన్నాడు. మురాద్ ఆయన కొడుకు. యుద్ధం జరుగుతున్న సరిహద్దులో, ఆస్పత్రిలో పనిచేస్తున్నాడు.

రాజన్న గొంతు తగ్గించాడు. "పరాయోళ్ల ముందల తండ్రి కొడుకు పేరు తియ్యడు సార్, వీళ్లల్ల. ఇరవై ఏండ్ల సంది ఈయన నోట ఆ పేరు వినలే."

వెంటనే ఆస్పత్రికి ఫోన్ చేశాను. మురాదే పలికాడు, నవ్వాడు కూడా. కొడుకు క్షేమమని రాజన్న చేత చెప్పిస్తే పెద్దాయన తల ఎత్తకుండా ఏదో అన్నాడు.

"రాసింది కొట్టెయ్యొద్దంటుండు సార్."

మురాద్ బతికే ఉన్నాడు. అది వాస్తవం. గతించినవాళ్ల జాబితాలోంచి ఆ పేరు మాత్రం ఇంకా కొట్టేయలేకపోతున్నాను.