తీగ కింద ఎర్ర రంగు

సరళా,

నీ సంవత్సరీకం నిన్నటితో ముగిసింది. మన పాత రెండు సీట్ల స్పోర్ట్స్ కారును అమ్మేద్దామని, ఈ ఉదయం బార్కస్ నుంచి మెకానిక్ ఉమర్ భాయ్‌ని పిలిపించాను. కొత్త బ్యాటరీ పెట్టినా, స్టార్టర్ నొక్కగానే దీపాలు ఆరిపోతున్నాయి. మోటారే పోయిందేమో అన్నాను.

"మోటారు మస్తుగుంది సాబ్. ఊకే దాన్ని బద్నాం చేస్తుండ్రు," అని నవ్వాడు.

బ్యాటరీకీ ఇంజనుకీ మధ్య ఒక లావు తీగ పట్టి, స్టార్టర్ నొక్కమన్నాడు. ఇంజను తిరిగింది. తర్వాత బ్యాటరీ నుంచి చట్రానికి పోయే తీగను విప్పాడు. దాని కింద ఎర్ర రంగు.

"రంగుల నుంచి కరెంటు పోతదా? గిక్కడ ఎవరు పూసిండ్రు?"

నేనే. పోయిన ఏడాది దసరాకు, ఆయుధపూజలో బండి మెరవాలని బోల్టులన్నీ విప్పి మరీ పూశాను. పండుగైన మూడో రోజు నీకు ఊపిరాడలేదు. బండి కదల్లేదు.

ఉమర్ భాయ్ ఆ చోటును గరుకు కాగితంతో రెండు నిమిషాలు గీకి, తీగ బిగించాడు. బండి వెంటనే అందుకుంది.

"గింతే పని. అప్పుడే పిలవకపోయిండ్రా సాబ్?"

ఆ రోజు టాంగాలో ఆసుపత్రికి పోతూ, "బండిని తిట్టకుండ్రి, ముసల్దైంది పాపం" అన్నావు. ఏడాదిగా ఆ మాటనే నమ్ముకుని ఉన్నాను.