ఆడపడుచు దగ్గర తీసుకోనన్నాడు

రాజమహేంద్రవరం

చెల్లీ సత్యవాణీ, అన్నవరం సత్యదేవుడు నిన్ను చల్లగా చూడాలి.

ఫోనులో నీ గొంతు వింటే ఈ మాట చెప్పలేను, అందుకే కార్డు. సోమవారం పొద్దున ఎప్పటిలాగే మీ అన్నయ్యను ఆటోలో డయాలసిస్‌కు తీసుకెళ్లాను. నర్సు సూది గుచ్చుతుండగా, చెల్లి ఇప్పుడేం పని చేస్తోందని వాడు నన్ను అడిగాడు. మనుషులుండబోయే అంతరిక్ష కేంద్రాన్ని ఎంత ఎత్తులో ఉంచాలో కంప్యూటర్లో నడిపి చూస్తున్నావనీ, అది రోజూ కాస్త కిందికి జారుతుంటే ఇంధనం మండించి మళ్లీ పైకి ఎత్తాలనీ నువ్వు చెప్పినట్టే చెప్పాను.

"నా బతుకూ అంతే కదే అక్కా, వారానికి మూడుసార్లు ఎత్తుతున్నారు," అని నవ్వాడు.

"చెల్లి కిడ్నీ ఇస్తానంటోంది కదరా."

"ఇంటి ఆడపడుచుకి చీర పెట్టాల్సినోణ్ణి. దాని ఒంట్లోది కోసి తీసుకోమంటావేంటి?" అని మొహం తిప్పుకున్నాడు.

ఆపరేషన్ కోసమని సెలవు పెట్టేశావా? పెట్టి ఉంటే వెనక్కి తీసుకో. పనిలో పడి తిండి మానకు. మాగాయ చేరిందా? పిల్లలకు నా దీవెనలు.

ఆ సాయంత్రం ఇంట్లో అందరం కూర్చున్నాం. నేనెంత బతిమాలినా వాడు ఒప్పుకోలేదు. చివరికి మీ వదినే కళ్లు తుడుచుకుని, "ఇంక ఆయన్ని అడగొద్దు వదినగారూ," అంది. ఆపరేషన్ మానుకున్నాం.

అక్క