వాకిట్లో పట్టని డంపర్

గోదావరిఖని,
మంగళవారం.

ట్రైనింగ్ ఆఫీసర్ రవికాంత్ గారికి, ఆంజనేయుడి బలం మీకు తోడుండాలని కోరుతూ రాస్తున్నాను.

నేను మన కాలనీ గుడిలో మంగళవారాలు పురాణం చెబుతుంటాను. బడి చదువు తక్కువ, సొంతంగా చదువుకున్నదే ఎక్కువ. ఈ రోజు హనుమంతుడి సముద్ర లంఘనం చెబుతూ గర్జించాను: "పని రాదని ఏడ్వకుండ్రి! ఎవరి సముద్రం వాళ్లే దూకాలె!"

వెనక నుంచి రాజకుమారి లేచింది. భర్త పోయాక వారసురాలిగా బొగ్గు గనిలో చేరి, మీ ఆఫీసు ఊడుస్తున్న అమ్మాయే. గనిలో బొగ్గు మోసే పెద్ద బండి, డంపర్‌కు ఆపరేటర్ కావాలని ఆమె ఆశ. సొంత టైంలో నేర్చుకొమ్మని మీరన్నారట.

"కాకా, మా వాకిట్ల డంపర్ పట్టది," అంది. అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. "హనుమంతుడు గూడ ముందుగాల ఒడ్డున ఊకెనే కూసున్నడు కద. జాంబవంతుడు ఆయన బలం యాది చేసినంకనే లేసిండు. మరి నా జాంబవంతుడు ఎవరు?"

ఇంటికి వచ్చి గ్రంథం తిరగేశాను. ఆమె చెప్పిందే అక్కడ ఉంది. దూకింది ఒకరు, లేపింది ఇంకొకరు. ఇన్నాళ్లూ నాకెందుకు తట్టలేదో!

ఆపరేటర్ల ఎంపిక వచ్చే నెలలోనే అట. వారానికి ఒక పూట డ్యూటీలోనే ఆమెను బండి ఎక్కించగలరా? సెలవు రోజు కూడా తాను వస్తానంటోంది. సెలవు రోజుల్లో ఆమె తన అత్త ఐలవ్వను దవాఖానకు తిప్పాలి; ఇక ఆ పని నాది.

కథను ఈ రోజు ఆమె ప్రశ్న దగ్గరే ఆపేశాను. మీ జవాబు వచ్చేదాకా హనుమంతుడు ఒడ్డునే కూర్చుంటాడు.

ఎదురుచూస్తూ,
గుడిలో పురాణం చెప్పే కాక