చొక్కా కింద లైఫ్ జాకెట్

వరద రక్షణ పడవల శిక్షణ అధికారి గారి సముఖమునకు, కోవిల్‌పట్టి తాలూకా చిన్నకరిసల్‌పట్టి గ్రామ కాపురస్తురాలు, సెల్వరాజ్ భార్య సుబ్బమ్మాళ్, వయస్సు 47, వ్రాయించి పంపుకొన్న అర్జీ.

విషయం: మా ఊరి పడవకు తెడ్డు వేయు ఆడవారి జాబితాలో కొట్టివేసిన నా పేరును మరల చేర్చుట గురించి.

అయ్యా,

తమరు ఒంగోలు వైపు నుండి మా జిల్లాకు వచ్చి ఎనిమిది నెలలైనది. తమరికి తమిళం చదవడం ఇంకా పట్టుబడలేదని ఆఫీసులో చెప్పినారు. మాకు ఇంట్లో తెలుగు మాట్లాడటమే వచ్చును, వ్రాయడం రాదు. అందుచేత చీరాలలో పదేళ్లు మగ్గం నేసి తెలుగు అక్షరాలు నేర్చుకొని వచ్చిన అరుప్పుకోట్టై ఊరి అళగర్సామి చేత దీనిని వ్రాయిస్తున్నాను. ఇందులో మర్యాద మాటలు ఆయనవి, మిగిలినవి నావి.

1. పోయిన వరదలో మా ఊరు రెండు రోజులు నీళ్ల మధ్య చిక్కుకొన్నందున ప్రభుత్వం వారు మాకు ఒక తెడ్డు పడవ మంజూరు చేసి, దానిని నడుపుటకు సెల్వరాణిని, వళ్ళియమ్మాళ్‌ను, నన్ను ఎంపిక చేసినారు. ఎనిమిది రోజులు గట్టు మీదనే తెడ్డు తిప్పడం నేర్పినారు. తొమ్మిదవ రోజున ఒక్కొక్కరికి ఒక చిన్న పడవ ఇచ్చి చెరువులో దింపినారు. ఆ సాయంత్రమే నా పేరు కొట్టివేసి, ఎదురుగా "లైఫ్ జాకెట్ ధరించలేదు" అని వ్రాసినారు.

2. ఈ వ్రాత సత్యము కాదు. ధరించితిని. లోపల ధరించితిని.

3. అట్లు ధరించుటకు కారణమేమనగా, మా నల్లరేగడి ఊళ్లలో పత్తి తీయడానికి, మిరప కోయడానికి పోయే ఏ ఆడదైనా చీర మీద మొగుడి పాత ఫుల్ చేతుల చొక్కా తొడుక్కొని మెడదాకా గుండీలు పెట్టుకొనును. ఎండకు, ముల్లుకు, పురుగుకు అదే కాపు. ఏది వేసుకొన్నా దాని పైన చొక్కా. చొక్కా పైన మరొకటి వేయడం ఇరవయ్యారేళ్లుగా నేను ఎరుగను. పైగా తమరిచ్చిన జాకెట్ కొత్తది, నారింజ రంగుది, వీపున 7 అని అంకె వేసినది. చెరువు గట్టంతా తుమ్మముళ్లు. సర్కారు వస్తువు చిరగరాదని, ఎండకు వెలిసిపోరాదని, తమరు ముందు పడవలో బయలుదేరగానే దాని మీద మా ఆయన చొక్కా తొడిగితిని. ఇంత జాగ్రత్తగా చూసుకొన్నదానికి మెప్పు దొరకకపోతే పోనీ, పేరు కొట్టివేయడం న్యాయమా?

4. ఆ రోజు జరిగినది దాచను. చెరువు నడుమకు వచ్చినాక తమరు వెనుదిరిగి చూసి, "అమ్మా, నీ లైఫ్ జాకెట్ ఏదమ్మా?" అని కేక వేసినారు. నేను లేచి నిలబడి, చొక్కా తట్టి చూపించి, "లోపల ఉండాది సామీ, బద్రంగా ఉండాది!" అంటిని. పడవలో నిలబడరాదని తమరు ముందురోజే చెప్పినారు, ఒప్పుకొంటున్నాను. పడవ ఒరిగినది. నీళ్లలో జాకెట్ పైకి లేచి, చొక్కాలో చిక్కుకొని, చెవులదాకా వచ్చినది. మెడ గుండీ గొంతుకు బిగుసుకొన్నది. నన్ను లాగడానికి తమరు జాకెట్ భుజం పట్టీ కోసం వెదికితే చొక్కా తప్ప ఏదీ చేతికి దొరకలేదు. కాలరు పట్టి లాగినారు. నాలుగు గుండీలు చెరువు పాలైనవి. గట్టు చేరినాక భయం వేసి ఏడ్చినాను. సెల్వరాణి నవ్వినది. ఆమె మీద నాకు వేరే ఫిర్యాదు ఉన్నది గాని, అది ఈ అర్జీలోకి రాదని అళగర్సామి అంటున్నాడు.

5. నా తప్పు తెలుసుకొంటిని. ఊరికే నోటిమాటగా కాదు. పోయిన ఆదివారం మా పొలం బావిలో దిగి పరీక్షించితిని. పరీక్షకు జాకెట్ ఎలా వచ్చినదని తమరు విచారించకుంటే సెల్వరాణికి మేలు. మా ఆయన నా నడుముకు తాడు కట్టి, కొస పట్టుకొని మెట్ల మీద కూర్చున్నాడు. మొదట జాకెట్ మీద చొక్కా వేసి దిగితిని. మరల చెవులదాకా వచ్చినది. రెండవసారి చొక్కా మీద జాకెట్ వేసితిని గాని పట్టీలు వదులుగా వదిలినందున గడ్డందాకా లేచినది. మూడవసారి చీర మోకాళ్ల పైకి ఎగ్గట్టి, కొంగు నడుములో దోపి, చొక్కా అంచులు చీరలోకి దోపి, అన్నిటి పైన జాకెట్ వేసి, మూడు బకిళ్లూ బిగించి, భుజాల దగ్గర పట్టి పైకి లాగమని మా ఆయనతో అంటిని. జాకెట్ కదలలేదు. అప్పుడు బావిలో దూకితే బెండులాగ తేలితిని. మా ఆయన తాడు వదిలేసి చప్పట్లు కొట్టినాడు. తాడెందుకు వదిలినావని ఇంటికి వచ్చేదాకా తగువైనది.

6. ఇక అసలు సంగతి. మా అత్త సీనియమ్మాళ్‌కు డెబ్బైతొమ్మిదేళ్లు. ఆ కాలపు మనిషి, రవిక తొడగదు. పోయిన వరదలో తూత్తుకుడి నుండి వచ్చినవారు మా వాకిట పడవ నిలిపి చేతులు చాపితే, "తడిసిన చీరతో ముకం తెలియని మొగోళ్ల చేతికి నేను పోతానా? పోండప్పా పోండి!" అని అటకెక్కి పత్తి మూటల నడుమ కూర్చున్నది. ఆమెను విడిచి పోలేక నేనూ ఎక్కితిని. తిట్టితిని, కాళ్లు పట్టుకొంటిని. రాలేదు. నీళ్లు అటక పలకకు జానెడు కిందిదాకా వచ్చి ఆగినవి. అంత భయం నేను పుట్టి ఎరుగను. ఆడమనిషి తోలే పడవైతే వస్తావా అని తర్వాత అడిగితే, "నువ్వు తోలితే వస్తానే కోడలా" అన్నది. ఐప్పసి నెల వానలకు ఇంక నలభై రోజులే ఉన్నవి. సెల్వరాణికి మనిషిని ఎత్తే బలం లేదు. వళ్ళియమ్మాళ్‌కూ మా అత్తకూ పదేళ్లుగా మాటలు లేవు. కనుక నేనే ఉండవలెను.

కావున దయగల తమరు నా పేరును జాబితాలో మరల చేర్చవలెనని, అవసరమైనచో తమ ఎదుటనే నన్ను చెరువులో తోయించి పరీక్షించవలెనని ప్రార్థిస్తున్నాను. గుండీల మాట నేను ఎత్తను. ఇది పొడుగైనదని పక్కన పెట్టక, కడదాకా చిత్తగించవలెను.

ఇట్లు,
మూడుసార్లు మునిగి ఒకసారి తేలిన
తమ విధేయురాలు,
సుబ్బమ్మాళ్

తా.క.: అళగర్సామి కవరు అంటించబోతుంటే మా అత్త వచ్చి, అంతా చదివి వినిపించమన్నది. ఆరవది విని, "ఆ ఆరంజిదాన్ని ఇట్లా తే" అన్నది. సెల్వరాణి జాకెట్ ఇంకా మా ఇంట్లోనే ఉన్నది. చీర మీద వేసి బకిళ్లు పెట్టితిమి. మా అత్త చేతులు ఎత్తి చూసుకొన్నది, వంగి చూసుకొన్నది. "ఇంత బాగా మూసుకోనుంటే ఎవురు ఎత్తితే నాకేమి? ఆ పొద్దే దీన్ని ఇచ్చుంటే నేను పోయుందును గదా!" అన్నది. ఇప్పుడు విప్పమంటే విప్పడం లేదు. సెల్వరాణి రేపు జాకెట్ లేకుండా వస్తే ఆమెను తప్పు పట్టరాదు.

కాబట్టి ఆరవ అంశం చెల్లదు. తెలిసీ అబద్ధం పంపడం నాకిష్టం లేదు. వేరే కారణం ఏదైనా కల్పిద్దామని అళగర్సామి అంటే వద్దంటిని. నిజం ఇది సామీ. పడకముందు ఆ చెరువు నడుమదాకా నేనే తెడ్డు వేసితిని. కుడి పక్క ఒకటి, ఎడమ పక్క ఒకటి. నేను ఎటు తోస్తే అటు పోయినది. నలభైయేడేళ్లలో నా మాట మొదటిసారి విన్నది ఆ పడవే. నా పేరు చేర్చండి.