పున్నమ్మ గేదె

రేపల్లె,
14-9-1991

రిబ్కా,

ఈ ఉత్తరం చదువుతూనే చెప్పులు వేసుకుని ఆస్పత్రికి బయలుదేరు.

మొన్న ఆదివారం నువ్వు వచ్చినప్పుడు, పక్కన నగరం ఊళ్లో పాలమ్మే పున్నమ్మ గేదె చొంగ కారుస్తూ మేత మింగలేకపోతుంటే, గొంతులో తాటిటెంక అడ్డుపడిందేమోనని మోచేతిదాకా నోట్లో చెయ్యి పెట్టి చూశావు. టెంక దొరకలేదు. ఆ గేదె నిన్న చచ్చిపోయింది. దాన్ని పిచ్చికుక్క కరిచి నెల దాటిందని పున్నమ్మ ఇవాళ బయటపెట్టింది.

"ముందే ఎందుకు చెప్పలేదే?" అని అడిగాను.

"చెబితే పాలెవరు పోయించుకుంటారు పంతులమ్మగారూ" అని ఏడ్చింది.

ఆ రోజు నీ బొటనవేలికి కత్తిపీట గాటు ఉంది. కట్టు కట్టింది నేనే. పొద్దుటినుంచి నాకు ఆ వేలే కనబడుతోంది. ప్రార్థనకు కూర్చుంటే మాటలు రావడం లేదు.

పశువైద్యంలో డాక్టరేటు చేస్తున్నదానివి, గేదె మెదడు పరీక్ష ఫలితం వచ్చాక చూద్దాంలే అనుకుంటావు. ఇక్కడి పశువుల డాక్టరుగారు తలను రొయ్యలకు వాడే ఐసులో పెట్టి పరీక్షకు పంపించారు. ఆ ఫలితం నీ పరిశోధనకు పనికొస్తే రానీ. దానికోసం ఒక్క పూట కూడా ఆగవద్దు. చేతికి తొడుగు లేకుండా ఎందుకు పెట్టావని మీ సారు తిడితే తిట్టనీ.

టెలిగ్రాంలో ఇదంతా పట్టదని మీ మార్కు మామయ్య చేతికి ఈ ఉత్తరమిచ్చి తెనాలిలో తిరుపతి బండి ఎక్కమన్నాను. నీకు మొదటి సూది పడేదాకా పక్కనుంచి కదలొద్దని చెప్పాను. వాడితో వాదించకు. వాదించాలంటే సూదులన్నీ అయ్యాక నా దగ్గరికి రా. ఎంతసేపైనా వింటాను.

అమ్మమ్మ