అమ్మ ఆఖరి రీలు, నీ కార్నివాల్ రీలు

ఎవారిస్తో,

సాల్తో ఊరెళ్ళే బస్సుకి టైమైంది, వెళ్తున్నా. ఫోటో చెడకుండా నిలిపే మందు, ఫిక్సర్, కొత్తగా కలిపి పెట్టాను. ముందు చిన్న ఫిల్ము ముక్క వేసి చూడు. దాని మీది పాలలాంటి తెలుపు పోవడానికి ఎంతసేపు పడితే, రీలుని అంతకు రెట్టింపు సేపు ఉంచాలి.

అమ్మ ఆఖరి ఫోటోలు కడిగినప్పుడు, "రెండు నిమిషాలు చాల్లే అక్కా, ఎవడు చూడొచ్చాడు" అని డోలు భుజానేసుకుని పోయావు. ఇప్పుడు అమ్మ ముఖమంతా గోధుమరంగు మరకే.

నీ కార్నివాల్ రీలు కూడా ఇక్కడే, ఈ చీకటి గదిలో, బొమ్మ తేల్చే డెవలపర్ గిన్నెలో ఉంది. ఫిక్సర్‌లో పడేదాకా దానికి వెలుతురు తగలకూడదు.

నెలిదా

అన్నట్టు, గిన్నెకి మూత పెట్టలేదురా. ఈ చీటీ చదవడానికి లైటు వేసే ఉంటావుగా?